ముసలమ్మ మోకాలి దగ్గర ఆగే బండి

న్తాతే మొలూపె బండి నడపడం మానేసి తాళాలు వదిలేసిన రోజున బండ్ల స్టాండులో సభ లాంటిది ఒకటి పెట్టారు. డ్రైవర్ల సంఘం వాళ్లు నా దగ్గరికొచ్చి, ముప్పై ఒక్క చలికాలాలు ఈ కనుమ మీద బండి నడిపి ఒక్క ప్రయాణికుడి ఒంటి మీద గీత పడనివ్వని మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. ఆయన్ని అందరికంటే ఎక్కువగా చూసినదాన్ని నేనేనట. చూసిన మాట నిజమే. నా కొట్టు స్టాండుకి ఎదురుగానే ఉంది. పిడకల పొయ్యి మీద మూకుడు పెట్టుకుని ఇరవై నాలుగేళ్లుగా పిండి బోండాలు వేస్తున్నాను. ఆ ఇరవై నాలుగేళ్లూ పొద్దున్నే ఆ మొహమే చూశాను. మంచి మాటలు మాత్రం నా దగ్గర లేవు. ఉన్నవి సభలో చెప్పే మాటలు కావు కనుక ఇక్కడ చెబుతున్నాను.

మా వైపు పెద్దవాళ్లని ఊరికే పేరు పెట్టి పిలవం. మగవాడైతే న్తాతే అంటాం, నాన్నగారూ అన్నట్టు. ఆయన్ని అలా పిలవాల్సి వచ్చినప్పుడల్లా నా నాలుక చేదెక్కేది.

పొట్టి మనిషి. మెడ ఉండాల్సిన చోట కంబళి ఉంటుంది. పద్దెనిమిదేళ్ల దాకా గొర్రెలు కాశాడు. తర్వాత సరిహద్దు దాటి బంగారు గనుల్లో పద్నాలుగేళ్లు పనిచేసి, ఒక చెవి అక్కడే పోగొట్టుకుని, ఒక పాత పికప్పు బండితో తిరిగొచ్చాడు. గనిలో రాళ్లతో మాట్లాడి అలవాటైందేమో, మనుషులతో మాట కలిసేది కాదు. పెళ్లాం ఆ మౌనం భరించలేక పుట్టింటికి పోయిందని అంటారు, నేను నమ్ముతాను. ఆయన కుక్క కూడా పక్కన కూర్చునేది కాదు, బండి కింద పడుకునేది. ఆయన బండిలో పాట పాడకూడదు, జొన్నకల్లు ఎక్కించకూడదు, ఎందుకని అడగకూడదు. నా బోండాలు రోజూ రెండు తినేవాడు. రోజూ వాటిని రాళ్లనేవాడు.

ఇక ఆ మలుపు సంగతి. స్టాండు నుంచి మొఖోట్లాంగ్ వైపు ఎక్కే దారిలో పదకొండు మలుపులున్నాయి. పదోది ముసలమ్మ మోకాలు. నేల మీద కూర్చున్న ముసలామె మోకాలు మడిచినట్టు దారి ఒక్కసారిగా వెనక్కి మడుచుకుంటుంది. లోపలి వైపు కొండ. బయటి వైపు వరసగా పేర్చిన రాళ్లు, వాటి అవతల ఏమీ లేదు. ఆకాశం తేటగా ఉంటే నా పొయ్యి దగ్గర నుంచే కనిపిస్తుంది.

మా వైపు చలికాలం జులైలో వస్తుంది. మంచు పడగానే డ్రైవర్లందరూ దిగి, ముందు చక్రాల నడిబొడ్డున ఉన్న బిళ్లల్ని చేత్తో తిప్పి, లోపల పొట్టి రాడ్డు లాగి, నాలుగు చక్రాలూ లాగేలా ఫోర్‌వీల్‌లో పెట్టుకుంటారు. మొలూపె కూడా అదే చేసేవాడు. కానీ మోకాలి దగ్గరికి రాగానే బండి ఆపి "దిగండి" అనేవాడు. కొత్త పెళ్లికూతురైనా, పాదిరీ అయినా, కర్ర పట్టుకున్న ముసలమ్మ అయినా సరే, దిగి మంచులో నడిచి మలుపు దాటాల్సిందే. పొలొకో కడుపులో ఉండగా, ఎనిమిదో నెలలో, నెత్తిన నూనె డబ్బా పెట్టించి మరీ నన్నూ నడిపించాడు. నేను ఆ రోజే ఆయన్ని శపించాను. అందరూ దిగాక ఖాళీ బండిని నత్తలా మలుపులోకి తీసుకెళ్లి, సగంలో ఆపి, రెండడుగులు వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోయేవాడు. ఒక్కోసారి రెండుసార్లు వెనక్కి వచ్చేవాడు.

మిగతా వాళ్లు ఒక్క తిప్పులో తిప్పేసేవారు. బండి నిండా జనంతో, పాటలతో. ఒక్క తిప్పులో మలుపు దాటితే వెనకున్న ఆడవాళ్లందరూ నాలుక ఆడిస్తూ కూత పెట్టేవారు. ఆ కూత కింద స్టాండు దాకా వినిపించేది. విన్న మర్నాడు ఆ డ్రైవరుకి మొదటి బోండా ఊరికే ఇచ్చేదాన్ని. ఆ ఆచారం నేనే మొదలుపెట్టాను. ఆ బోండా కోసం పెద్ద పెద్ద మగాళ్లు చిన్నపిల్లల్లా పోటీ పడేవారు. ఇన్ని చలికాలాల్లో మొలూపె ఒక్కటి కూడా ఊరికే తినలేదు. సంకటి ముద్ద కూడా రెండుసార్లు వెనక్కి తీసి మింగుతాడేమో అని నేనంటే స్టాండంతా నవ్వేది.

అందరికంటే ఎక్కువ ఊరికే తిన్నది నా మొగుడు సెఫాకో. వడగళ్ల వానలో పుట్టాడని వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది. మనిషీ అలాగే ఉండేవాడు, వచ్చాడంటే చప్పుడు. మొదట్లో వెనక చక్రాలు మాత్రమే లాగే పాత బండిని, మంచులో టైర్లకి గొలుసులు చుట్టి నడిపేవాడు. తొమ్మిదేళ్ల కిందట ఆ పొట్టి రాడ్డున్న బండి కొన్నాడు. మొదటి మంచు పడ్డ రోజు నా కొట్టు ముందు, పదిమందిలో, మొలూపెని అడిగాడు.

"న్తాతే, మంచులో ఈ రాడ్డు లాగితే సరిపోతుందా, లేకపోతే మీలాగ మధ్యలో వెనక్కి కూడా నడవాలా?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. మొలూపె బోండా నమిలి మింగి, "ఫోర్‌వీల్‌లో పెట్టు. అంతే" అని వెళ్లిపోయాడు.

మూడో రోజున సెఫాకో బండి మోకాలి దగ్గర రాళ్లు దాటి పడిపోయింది. బండిలో వేరే మనుషులు లేరు, వెనక పిండి బస్తాలు, మా చిన్నాన్న ఇంట్లో విందుకి తీసుకెళ్తున్న జొన్నకల్లు డ్రమ్ము ఒకటి. ఆ డ్రమ్ము పగిలింది. శవాన్ని పైకి లాగినవాళ్లకి మొదట తగిలింది ఆ వాసన. తాగి నడిపాడన్నారు. మలుపు తిప్పకుండా నేరుగా అంచులోకి పోయాడంటే ఇంకేమిటన్నారు. పూడ్చేటప్పుడు పాదిరీ తాగుడు మీద ప్రసంగం చేశాడు, నేను పక్కనే నిలబడి ఉండగా, పద్నాలుగేళ్ల పొలొకో నా కంబళి పట్టుకుని ఉండగా. సెఫాకో బండెక్కే రోజున చుక్క ముట్టడని నాకు తెలుసు. కానీ మొగుడి గురించి పెళ్లాం చెప్పే మాటని ఎవరు నమ్ముతారు?

నమ్మించగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ రోజు మబ్బు పట్టి కింద నుంచి ఏమీ కనిపించలేదు, మొలూపె మాత్రం సెఫాకో కంటే ముందు మలుపు దాటి, పై దారిలో ఉన్నాడు. అక్కడి నుంచి చూస్తే మోకాలు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. చూసి, బండి దిగకుండా మొఖోట్లాంగ్ పోయి పోలీసులకి చెప్పాడు. వాళ్లు ఏమైందని అడిగితే పడిపోయిందన్నాడట. ఆ ఒక్క మాటే. అప్పటి నుంచి తొమ్మిదేళ్లు నేను ఆయనతో మాట్లాడలేదు. బోండాలు కాగితంలో పెట్టి బల్ల మీద పడేసేదాన్ని. ఆయన తీసుకునేవాడు, రాళ్లని గొణిగేవాడు, పోయేవాడు.

పోయిన జులైకి నా పొలొకో కూడా డ్రైవరయ్యాడు. వాడిదీ అలాంటి బండే. మొదటి మంచు పడింది. కుర్ర డ్రైవర్లు నా కొట్టు ముందు చేరి, వీడు మోకాలు ఒక్క తిప్పులో తిప్పుతాడా, మొలూపెలా వెనక్కి నడుస్తాడా అని వేళాకోళం మొదలుపెట్టారు. నా నోరు ఊరుకుంటుందా? వాళ్ల నాన్న కొడుకైతే ఒక్క తిప్పులోనే తిప్పుతాడని, అలా తిప్పితే మర్నాడు ఒకటి కాదు, మూకుడెడు బోండాలు ఊరికే పెడతానని పందెం వేశాను. అంతటితో ఆగకుండా ముందు సీట్లో నేనే కూర్చుని మొఖోట్లాంగ్ వస్తానన్నాను. నా కొడుకు వాళ్ల నాన్న పరువు నిలబెట్టడం దగ్గరుండి చూడాలనుకున్నాను. నా బుద్ధి అంత గొప్పది.

మర్నాడు పొద్దున పొలొకో బండికి జనాన్ని ఎక్కించుకుంటుండగా మొలూపె కొట్టు దగ్గరికొచ్చాడు. కాగితం పొట్లం తీసుకోలేదు. నిలబడే ఉన్నాడు.

"అబ్బాయికి చెప్పు. మోకాలి దగ్గర ఆగాలి" అన్నాడు.

నేను మూకుడులో బోండాలు తిప్పుతూనే ఉన్నాను.

"నువ్వు నాగలి దున్నినదానివే కదా. ముందొక జత, వెనకొక జత ఎద్దులు కడతాం. చాలు చివర తిప్పేటప్పుడు ఏ జత ఎక్కువ దూరం నడుస్తుంది?"

"ముందు జత." ఎందుకు జవాబిచ్చానో నాకే తెలియదు.

"రెండు జతల కాళ్లకీ ఒకే తాడు కట్టి, సమానంగా అడుగెయ్యండి అంటే? ఆ రాడ్డు లాగితే బండికి జరిగేది అదే. నేల పొడిగా ఉంటే తాడు బిగుసుకుంటుంది, బండి మూలుగుతూ ఆగిపోతుంది. మంచు మీద ఆగదు. జారుతుంది. జారేది ముందు జత. స్టీరింగు ఎంత తిప్పినా మూతి నేరుగానే పోతుంది. వెనక బరువుంటే మూతి తేలికై ఇంకా పోతుంది. అందుకే జనాన్ని దింపుతాను. అందుకే మధ్యలో ఆగి వెనక్కి వస్తాను, తాడు వదులవుతుంది, మలుపు రెండు ముక్కలవుతుంది. మిగతావాళ్లు ఇన్నాళ్లూ అదృష్టం మీద తిరిగారు. ఎక్కడానికి ఫోర్‌వీల్ కావాలి. తిరగడానికి అదే అడ్డం."

ఆ మనిషి నోటి నుంచి ఒకేసారి అన్ని మాటలు రావడం నేనెప్పుడూ వినలేదు. కానీ నాకు వినిపించింది ఒకటే.

"సెఫాకో అడిగినప్పుడు ఇది తెలుసా?"

"తెలుసు."

"మరి సగమే చెప్పావెందుకు?"

"నవ్వాడు. నువ్వూ నవ్వావు. ఒకసారి మూతి జారితే బుద్ధొస్తుందిలే అనుకున్నాను." తల మోకాలి వైపు తిప్పాడు. "పైనుంచి చూశాను. చక్రాలు పూర్తిగా కొండవైపే తిప్పి ఉన్నాయి. బండి మాత్రం నేరుగా పోయింది. తాగినవాడు అలా తిప్పలేడు."

మూకుడులో నూనె కాగుతోంది. అది ఎత్తి ఆ మొహాన పొయ్యకుండా నా చెయ్యి ఎలా ఆగిందో దేవుడికే తెలియాలి. తొమ్మిదేళ్లు నా మొగుడు తాగుబోతని ఊరంతా అంటుంటే ఈ మాట నోట్లో పెట్టుకుని రోజూ నా బోండాలు తిన్నాడు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే సగం దాచిన సంగతి కూడా చెప్పాలి" అన్నాడు. తర్వాత తన బండెక్కి అందరికంటే ముందు బయల్దేరాడు.

నేను పొలొకో పక్కన ఎక్కి కూర్చున్నాను. వాడికి ఏమీ చెప్పలేదు. ఎలా చెప్పను? చెబితే మొలూపె మాటే నిజమని ఒప్పుకోవాలి. వాళ్ల నాన్న తెలియక చచ్చాడని చెప్పాలి. ఒక్క తిప్పు అనే పిచ్చికి ముప్పూటలా మేత వేసింది నేనేనని చెప్పాలి. మొలూపె దాచుకున్న ఆ సగం ఇప్పుడు నా నోట్లోకి వచ్చి పడింది. నేనూ దాన్ని మింగేసి కూర్చున్నాను.

పొలొకో గొప్ప కోసం స్టాండులోనే రాడ్డు లాగాడు. కింద దారిలో ఇంకా మంచు లేదు, గట్టి నేల. నాలుగో మలుపులో బండిని ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు లాగింది, కిందెక్కడో మూలిగింది. బండికి ఊరొదిలి రావడం ఇష్టం లేదని వాడు నవ్వాడు. నాకు కాళ్లకి తాడు కట్టిన ఎద్దులు కనిపించాయి. ఏడో మలుపు నుంచి మంచు. మూలుగు ఆగిపోయింది, బండి మెత్తగా పోతోంది. వెనక జనం హమ్మయ్య అనుకున్నారు. నా గుండె అప్పుడే జారింది. మంచు మీద ఆగదు, జారుతుంది అన్నాడు కదా. ఎనిమిదో మలుపులో వాడు తిప్పిన దానికంటే మూరెడు బయటికే పోయింది మూతి. వాడు గమనించాడో లేదో, ఇంకొంచెం యాక్సిలరేటర్ తొక్కాడు. తొమ్మిదో మలుపు దాటగానే వెనక ఆడవాళ్లు పాట అందుకున్నారు. కూతకి గొంతు సవరించుకుంటున్నారన్నమాట.

"పొలొకో, ఆపు" అన్నాను.

"ఎందుకు?"

"అందరూ దిగాలి. నువ్వు మధ్యలో ఆగి వెనక్కి రావాలి."

"ఏంటమ్మా, నువ్వేనా? రాత్రి పందెం వేసింది ఎవరు? మొలూపె బండి అని జీవితాంతం ఏడిపిస్తారు నన్ను."

"ఏడిపించనీ."

"నాన్న ఎప్పుడైనా ఆపాడా?"

"ఆపలేదు. అందుకే చచ్చిపోయాడు. బండి ఆపు."

వాడు బ్రేకు తొక్కింది నా మాట విని కాదు, ఆ మాట నా నోట వచ్చినందుకు. నేను దిగి వెనక తలుపు తీసి దిగమన్నాను. తిట్లు మొదలయ్యాయి. బోండాలు అమ్ముకునేదానికి డ్రైవరు పనెందుకని ఒకామె, మొలూపెకి రెండో పెళ్లామైందని ఇంకొకామె. తొమ్మిది మంది మంచులో నడుస్తూ నా వంశాన్నంతా తలుచుకున్నారు. నేను ముందు నడిచాను.

పొలొకో దిగలేదు. దవడ బిగించి, మా అందరి ముందూ, ఒక్క తిప్పుకే బండి పోనిచ్చాడు. కానీ కోపం సగం ధైర్యాన్ని తినేసింది, మెల్లగానే పోయాడు. మలుపు నడుమ స్టీరింగు మొత్తం తిప్పాడు. చక్రాలు కొండవైపు తిరిగాయి, నేను చూశాను, పూర్తిగా తిరిగాయి. బండి తిరగలేదు. తిరిగిన చక్రాలతోనే, మంచు మీద ఏ చప్పుడూ లేకుండా, నేరుగా రాళ్ల వైపు పోయింది. వాడు బ్రేకు నొక్కాడు. ఇంకా పోయింది. ఆగింది.

టైరుకీ రాయికీ మధ్య జానెడు జాగా. పొలొకో తల బయటికి పెట్టి ఆ రాయిని చూశాడు. తర్వాత రివర్సు వేశాడు. బండి కింద బిగుసుకున్నదేదో టక్కున వదిలినట్టైంది. రెండడుగులు వెనక్కి వచ్చి, ఆగి, మళ్లీ ముందుకు పోయి మలుపు దాటాడు. ఎవరూ కూత పెట్టలేదు.

పై దారిలో మొలూపె బండి ఆగి ఉంది. అదే చోటు. తల బయటికి పెట్టి చూసి, లోపలికి తీసుకుని, వెళ్లిపోయాడు. చెయ్యి కూడా ఎత్తలేదు.

పొలొకో దిగి నా దగ్గరికి వచ్చాడు.

"పూర్తిగా తిప్పానమ్మా. నిజంగా తిప్పాను."

"మీ నాన్న కూడా అలాగే తిప్పాడు" అన్నాను.

ఆ రోజు తర్వాత వాడు నాతో సరిగ్గా మాట్లాడటానికి రెండు నెలలు పట్టింది. పందెం ఓడిపోయాడని కుర్రాళ్లు వాడిని ఏడిపించారు, వాడు ఆ కోపమంతా నా మీద తీర్చుకున్నాడు. తీర్చుకోనీ, తీర్చుకోవడానికి మనిషి మిగిలాడు. ఊరికే బోండా ఆచారం నేను తిరగేశాను. ఇప్పుడు మోకాలి దగ్గర ఆగి వెనక్కి వచ్చినవాడికే ఊరికే ఇస్తాను. అడగడానికి ఎవరికీ మొహం చెల్లదు, అయినా రోజూ ఒకటి పక్కన పెడతాను. కొత్త డ్రైవరు ఎవడు కొట్టుకి వచ్చినా, అడిగినా అడక్కపోయినా, ఎద్దుల సంగతి మొత్తం చెప్పేదాకా పొట్లం చేతికివ్వను. నన్ను చూస్తే పారిపోతున్నారు. ఆ మలుపుకి నా పేరు పెట్టి వెక్కిరిస్తున్నారని కూడా విన్నాను.

సెఫాకో సంగతి అందరికీ చెప్పాను. చెబితే పాపం అన్నట్టు తల ఊపి, మొగుణ్ణి వెనకేసుకు రాని పెళ్లాం ఎక్కడుంటుందని చాటున అనుకున్నారు. అందుకే సభకి ముందు మొలూపెకి కబురు పంపాను. నా మొగుడు తాగలేదని, చక్రాలు ఎటు తిప్పి ఉన్నాయో తన కళ్లతో చూశానని అందరి ముందూ ఆయన ఒక్క మాట చెబితే, ఆయన గురించి నేను నాలుగు కాదు, నలభై మంచి మాటలు చెబుతానన్నాను. ఆయన వచ్చాడు. సంఘం వాళ్లు కప్పిన కొత్త కంబళి కప్పించుకున్నాడు. అందరూ మాట్లాడమంటే, పోయిన చెవి వాళ్ల వైపు పెట్టి వినపడనట్టు కూర్చున్నాడు. నేను బల్ల దగ్గరే నిలబడి చూస్తున్నాను. ఆయన నన్ను చూశాడు. గడ్డి టోపీ నెత్తిన పెట్టుకుని, కుక్కని పిలుచుకుని, ఇంటికి పోయాడు.

నా కొడుకుని బతికించిన మాట ఆయనదే. కాదనను. అదే మాట తొమ్మిదేళ్ల ముందు చెప్పి ఉంటే నా మొగుడూ ఉండేవాడు. ఈ రెండూ ఒకదానికొకటి చెల్లవు, నేను చెల్లనివ్వను. ఆయన చెప్పని మాట నేను చెబుతున్నాను, సగం కాదు, మొత్తం. సెఫాకో ఆ రోజు తాగలేదు. చక్రాలు కొండవైపే తిప్పి ఉన్నాయి.